సూరాంబ మీద బైండోవర్

లంకపేట పురపాలక ఎన్నికలకు కోడ్ వచ్చిన రోజే సువర్చల తన ఆటల పోటీకి అనుమతి అడగడానికి తాసిల్దారు కార్యాలయానికి వెళ్ళింది. అందులో ఆమె తప్పేమీ లేదు. కల్యాణ మండపం పోలింగుకు ముందు ఆదివారానికే దొరికింది. బెంగుళూరు నుంచి నంబియార్ అనే ఆయన కూడా ఆ ఆదివారమే వస్తానన్నాడు. ఆయన పనిచేసే కంపెనీ వీడియో గేములు కొని దేశమంతా విడుదల చేస్తుంది. "నాకు ఆట చూపించక్కర్లేదు, ఆడేవాళ్ళ మొహాలు చూపించండి. జనం మధ్య కూర్చుని చూస్తే గానీ కొనను" అని ఫోనులో ఖచ్చితంగా చెప్పాడు.

ఆట పేరు 'గట్టుమీద కొట్లాట'. గాలిలో ఒక గట్టు తేలుతూ ఉంటుంది. దాని మీద ఇద్దరు కొట్టుకుంటారు. ఎదుటివాణ్ణి గట్టు మీంచి కింద పడేసినవాడిదే గెలుపు. మధ్యమధ్య ఆకాశంలోంచి ఆయుధాలు రాలుతుంటాయి. రోకలి, అప్పడాల కర్ర, పనసకాయ, లక్ష్మీబాంబు, ప్రెషర్ కుక్కరు. ఎవరి చేతికి ఏది అందితే అది. సువర్చల హైదరాబాదులో ఉద్యోగం వదిలేసి వచ్చి, లంకపేటలో బట్టల కొట్టు మీది గదిలో కూర్చుని ఈ ఆటకు ప్రాణం పోసింది. సైన్‌బోర్డులు రాసే రఫీ బొమ్మలు గీశాడు. సూరాంబ అనే ముసలమ్మ గాలిలోకి ఎగిరి వరసగా తన్నేటప్పుడు ఆమె చీర కుచ్చెళ్ళు చెదరకుండా గీయడానికే అతనికి ఒక ఎండాకాలం పట్టింది. ఆదివారం నాడు నంబియార్ తల అడ్డంగా ఊపితే ఇద్దరూ ఎవరి దారి వాళ్ళు చూసుకోవలసిందే.

అనుమతి దరఖాస్తులో 'సభయందు ఆయుధములు ఉండునా? ఉన్నచో వివరములు' అని ఒక ప్రశ్న ఉంది. సువర్చల అబద్ధం రాసే మనిషి కాదు. 'ఉంటాయి' అని రాసి, రోకలి దగ్గర్నుంచి కుక్కరు దాకా అన్నీ వివరంగా రాసింది. చివర 'ఆటలో మాత్రమే' అని కూడా చేర్చింది.

తాసిల్దారు త్రిలోచనరావు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన ఏదైనా రెండుసార్లే చదువుతాడు. కిందటి ఎన్నికల్లో ఊరి చివర బస్ షెల్టరు వెనకాల ఒక వాల్‌పోస్టరు చింపకుండా మిగిలిపోయిందని పైవాళ్ళు ఆయన్ని సంజాయిషీ అడిగారు. అప్పటినుంచీ ఆయనకు ఏ కాగితం చూసినా దాని వెనక ఒక పోస్టరు దాక్కున్నట్టే కనిపిస్తుంది.

"ఆయుధాలు ఉంటాయని నువ్వే రాశావు కదమ్మా."

"తెరమీదండీ. అవన్నీ బొమ్మలు."

త్రిలోచనరావు కళ్ళజోడు సవరించుకొని ఉత్తర్వు తీసి చదివాడు. "'కోడ్ అమలునందున్న కాలమున ఏ వ్యక్తియు, ఏ రూపమునందును, ఏ విధమైన ఆయుధమును కలిగియుండరాదు.' ఏ రూపమునందును అన్నారు. బొమ్మ ఒక రూపం కాదా?"

"రూపమేనండి, కాని దెబ్బ తగలదు కదా."

"తగలాలని ఉత్తర్వులో ఎక్కడుంది? తుపాకీ లైసెన్సున్న పెద్దమనుషులే స్టేషన్లో అప్పజెప్పేసి బుద్ధిగా రసీదు పట్టుకెళ్తున్నారు. నీ రోకలి వాళ్ళ తుపాకీ కన్నా గొప్పదా? వెళ్ళి డిపాజిట్ చేసి రా, అనుమతి ఇస్తాను."

వాదించాలని సువర్చలకు నోటిదాకా వచ్చింది. వాదిస్తే ఫైలు జిల్లాకు వెళ్తుందని, జిల్లాకు వెళ్ళిన ఫైలు ఆదివారానికి తిరిగి రాదని గుర్తొచ్చి, "అలాగేనండి" అంది.

పోలీసు స్టేషన్లో ఎస్సై భానుమూర్తి నెమ్మదైన మనిషి. ఆయన బల్ల మీద అప్పటికే తాసిల్దారు కాగితం ఉంది. "నవ్వొస్తోంది కదా మేడమ్? నాకూ వచ్చింది. కాని సంతకం, సీలు ఉన్న కాగితం చూసి నవ్వితే మా ఉద్యోగానికి బాగోదు. ఏవీ ఆయుధాలు?"

రఫీ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్లమీద పెట్టాడు.

"అన్నీ ఇందులోనేనా?" భానుమూర్తి కలం మూత తీశాడు. "మొదటిది రోకలి. పొడవెంత?"

"ఏ తెర మీదండీ?" అంది సువర్చల. "ఫోనులో అయితే చిటికెన వేలంత. కల్యాణ మండపం తెర మీద కొబ్బరిచెట్టంత."

"కొబ్బరిచెట్టంత అనే రాద్దాం. తక్కువ రాశానని రేపు నన్నంటారు. ఈ లక్ష్మీబాంబు పేలుతుందా?"

"పేలుతుందండి."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లు విసిరితే అన్నిసార్లు."

భానుమూర్తి పెన్‌డ్రైవ్‌ను కలం మొనతో మెల్లగా తనకు దూరంగా నెట్టి, కానిస్టేబుల్ని కేకేశాడు. వాకిట్లో మంటలార్పడానికి పెట్టిన ఇసక బకెట్టు లోపలికి వచ్చింది. పెన్‌డ్రైవ్ ఇసకలోకి వెళ్ళింది.

"ఇక మీ దగ్గర ఏమీ మిగల్లేదు కదా?"

"ఇవి నకళ్ళేనండి" అంది సువర్చల, ఉన్నదున్నట్టు. "ఆట మొదలెట్టినప్పుడల్లా కొత్త రోకలి పుడుతుంది."

భానుమూర్తి కలం ఆగిపోయింది. "పుడుతుందా? అంటే ఇది నిల్వ కేసు కాదన్నమాట. తయారీ కేసు."

రఫీ బల్ల కింద సువర్చల కాలు తొక్కాడు. ఆ మధ్యాహ్నం ఎస్సై చూస్తుండగా ఇద్దరూ లాప్‌టాప్ తెరిచి ఆటలోంచి ఆయుధాలన్నీ తీసేశారు. రోకలి వంతు వచ్చినప్పుడు రఫీ మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆయుధాలు పోయినా మనుషులున్నారు కదా, వాళ్ళ పట్లు వాళ్ళకున్నాయి కదా అని సువర్చల ధైర్యం తెచ్చుకుంది. నిజానికి ఆట అందం ఆ పట్లలోనే ఉంది. మర్నాడు అనుమతి పత్రం మీద సంతకం పెట్టేముందు తాసిల్దారు ఎస్సైని వెంటబెట్టుకొని తనిఖీకి వచ్చినప్పుడు ఆమె ఉత్సాహంగానే ఆడి చూపించింది.

తెర మీద గంగులు పహిల్వాను మిరపకాయ బజ్జీ తిని నోట్లోంచి మంట ఊదాడు. "మండే పదార్థములు" అన్నాడు త్రిలోచనరావు. చేపల మంగ గట్టు మీంచి పడిపోతూ వల విసిరి, గట్టు అంచును పట్టుకొని, ఊగి మళ్ళీ పైకొచ్చింది. "పడినవాళ్ళు తిరిగి పైకి రావడానికి ఎవరి అనుమతి తీసుకున్నారు?" అన్నాడు. అంతలో సూరాంబ ఎగిరింది. కుచ్చెళ్ళు చెదరలేదు. గంగులు మాత్రం తెర దాటి ఎక్కడికో పోయాడు.

త్రిలోచనరావు తెర అంచు అవతలికి తొంగి చూశాడు.

"ఆయుధం లేకుండానే ఇంత పని చేసింది" అన్నాడు త్రిలోచనరావు. "వీళ్ళు ఇలా ఎన్నాళ్ళ నుంచి కొట్టుకుంటున్నారు?"

"నాలుగేళ్ళుగా సార్" అన్నాడు రఫీ గర్వంగా. "లక్షసార్లు కొట్టుకొని ఉంటారు."

ఆ మాట అన్నాక అతను నాలిక కరుచుకున్నాడు గాని అప్పటికే ఆలస్యమైపోయింది. తాసిల్దారు ఎస్సైవైపు తిరిగాడు. "విన్నారా? అలవాటుపడిన తగాదాకోర్లు. బైండోవర్ చెయ్యాలి."

ఎన్నికలొస్తే ఊళ్ళో పాత గొడవల మనుషుల్ని తాసిల్దారు ముందు నిలబెట్టి, ఫలితాలు వచ్చేదాకా బుద్ధిగా ఉంటామని పూచీకత్తు రాయించుకుంటారు. దాన్నే బైండోవర్ అంటారు. ఇప్పటిదాకా దానికి కాళ్ళూ చేతులూ ఉన్న మనుషులే వచ్చేవారు.

సువర్చల లాప్‌టాప్ పట్టుకొని కార్యాలయానికి వెళ్ళింది. వరండాలో అటెండరు నిలబడి, గొంతు సవరించుకొని, "సూరాంబా! సూరాంబా! సూరాంబా!" అని పిలిచాడు. అక్కడ పింఛను కోసం వచ్చి కూర్చున్న నిజం సూరాంబ ఒకావిడ లేచి రాబోయింది. ఆమెకు నచ్చజెప్పి కూర్చోబెట్టారు. సువర్చల లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి తెరను తాసిల్దారువైపు తిప్పింది.

"నీ మీద వచ్చిన అభియోగం అర్థమైందా?" అని త్రిలోచనరావు తెరను అడిగాడు.

తెర మీద సూరాంబ ఊపిరి పీలుస్తూ నిలబడి ఉంది.

"జవాబు చెప్పమను."

సువర్చల ఇబ్బందిలో పడింది. సూరాంబకు నడవడం, ఎగరడం, తన్నడం వచ్చు. అవి కాక వచ్చింది ఇంకొక్కటే. తన్నులు ఎలాగూ కుదరవు గనక సువర్చల ఆ మిగిలిన మీట నొక్కింది. సూరాంబ నడుం మీద చెయ్యి పెట్టుకొని, త్రిలోచనరావు కళ్ళలోకి చూసి, నాలిక బయటపెట్టి వెక్కిరించింది.

అటెండరు దగ్గొచ్చినట్టు నటిస్తూ బయటికి పోయాడు.

"ఇది ధిక్కారం" అన్నాడు త్రిలోచనరావు. చెవులు ఎర్రబడ్డాయి. "అధికారి ముందు ఎలా ఉండాలో నేర్పించి తీసుకురా. అప్పుడే సంతకం."

రఫీ చేసేది లేక సూరాంబకు నమస్కారం నేర్పాడు. సగంలో చేతులు దులుపుకోవడం రఫీ వల్ల కాదు. అందుకని దాన్ని కూడా శ్రద్ధగానే గీశాడు. రెండు చేతులూ జోడించి, నడుం వంచి, తల బాగా ముందుకు చాచి, మోకాళ్ళదాకా వంగే నమస్కారం అది. గంగులుకూ మంగకూ కూడా అదే నేర్పాడు. మరుసటి హాజరులో ముగ్గురూ వరసగా వంగి నమస్కరించారు. త్రిలోచనరావు అలవాటుగా తనూ చెయ్యెత్తబోయి ఆపుకున్నాడు. స్థానికులు ఇద్దరు పూచీ ఉండాలంటే సూరాంబకు గంగులూ మంగా, గంగులుకు మంగా సూరాంబా, మంగకు మిగతా ఇద్దరూ పూచీ పడ్డారు. తన్నడం, మంట ఊదడం, వల విసరడం ఫలితాల వరకు మానుకుంటామని ఒప్పుకున్నారు. అనుమతి వచ్చింది.

అంతటితో అయిపోయిందనుకుంటే ముత్యాల ధర్మారావు వచ్చాడు. ఆయన మెయిన్ రోడ్డు వార్డులో స్వతంత్ర అభ్యర్థి. గుర్తు ప్రెషర్ కుక్కరు. తాసిల్దారు బల్ల ముందు నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఏవండీ, నా గుర్తును పోలీసు స్టేషన్లో పెట్టారంటగా! అదీ ఇసక బకెట్లో! ఓటర్లు నా మీద ఏదో కేసుందనుకోరా?"

త్రిలోచనరావు ఉలిక్కిపడ్డాడు. ఈ పోస్టరు ఆయనకు కనిపించలేదు. కుక్కరును లోపలుంచితే ఒక అభ్యర్థికి అన్యాయం. బయట వదిలితే అదే అభ్యర్థికి ప్రచారం. అరగంట ఆలోచించి, కోడ్ వచ్చాక నాయకుల విగ్రహాలకు గుడ్డ కప్పినట్టే కుక్కరుకు గుడ్డ కప్పి ఆటలోకి వదలాలని, ఎవరూ దాన్ని ఎత్తరాదని, విసరరాదని ఉత్తర్వు ఇచ్చాడు. రఫీ తెల్లగుడ్డ కప్పిన ఒక ముద్దను గీశాడు.

"ఇదేంటో ఎవరికైనా తెలుస్తుందా?" అని సువర్చల నీరసంగా అడిగింది.

"పైన విజిల్ కాస్త పొడుచుకొచ్చినట్టు గీశాను. తెలిసినవాళ్ళకు తెలుస్తుంది" అన్నాడు రఫీ.

ఆదివారం కల్యాణ మండపం నిండిపోయింది. ఆట కోసం వచ్చినవాళ్ళు కొందరైతే, కోడ్ వల్ల ఊళ్ళో మైకులు మూగబోయి పొద్దుపోక వచ్చినవాళ్ళు ఎక్కువ. జనం ఉన్నారని తెలిసి అభ్యర్థులందరూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వేదిక మీద తెర పక్కనే కుర్చీ వేయించుకొని త్రిలోచనరావు, ఆయన వెనక భానుమూర్తి. నంబియార్ పల్చటి మనిషి. ఒక పక్కగా గోడకు ఆనుకొని, తెరకు వీపు పెట్టి, జనం మొహాలు చూస్తూ నిలబడ్డాడు.

ఆ మొహాల్లో చూడ్డానికి ఏమీ లేదు. గట్టు మీద ఇద్దరు అటూ ఇటూ నడుస్తారు. ఎగురుతారు. పైనుంచి గుడ్డముద్ద దబ్బున పడుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. సమయం అయిపోతుంది. సమానంగా ఓట్లు వచ్చిన అభ్యర్థులకు చీటీలు తీసినట్టు త్రిలోచనరావు స్టీలు చెంబులోంచి చీటీ తీసి విజేతను ప్రకటిస్తాడు. గెలిచినవాడికి సంతోషం లేదు, ఓడినవాడికి ఏడుపు లేదు. వెనక వరసల్లో జనం సోడాలకని లేస్తున్నారు. ఒక పెద్దాయన గురక మండపమంతా వినిపిస్తోంది. నంబియార్ చేతిగడియారం చూసుకున్నాడు. సువర్చల అది గమనించింది. నాలుగేళ్ళు చెమటోడ్చి ఊరందరినీ నిద్రపుచ్చే యంత్రం తయారుచేశానా అనుకుంది.

సెమీఫైనల్ ఆటో నడిపే వీర్రాజుకూ, ప్రభుత్వాసుపత్రి నర్సు హెలెన్‌కూ పడింది. వీర్రాజు ఆడేది గంగులుతో. హెలెన్ సూరాంబతో. గంగులు వచ్చి సూరాంబ ఎదురుగా నిలబడ్డాడు. ఏమీ తోచక హెలెన్ నమస్కారం మీట నొక్కింది. సూరాంబ వంగింది. ముందుకు చాచిన తల గంగులు బొజ్జకు తగిలింది. గంగులు అడుగు వెనక్కి జరిగాడు.

సువర్చల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఒకరున్న చోట ఇంకొకరు ఉండకూడదని, ఉంటే ఆట వాళ్ళను పక్కకు నెట్టాలని ఆమె మొట్టమొదట్లో రాసిన నియమం. అది ఏ పూచీకత్తులోనూ లేదు.

హెలెన్‌కు కూడా విషయం అర్థమైంది. మళ్ళీ నమస్కారం పెట్టింది. గంగులు ఇంకో అడుగు వెనక్కి. వీర్రాజు తేరుకొని ఎదురు నమస్కారం పెట్టాడు. ఇప్పుడు సూరాంబ వెనక్కి. ఇద్దరూ వంగుతున్నారు, లేస్తున్నారు, వంగుతున్నారు, ఒకరినొకరు తోసేసుకుంటున్నారు. ఎంత వినయమో అంత తోపు.

"ఒరేయ్, అచ్చం మన వార్డు అభ్యర్థుల్లా లేరూ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

మండపం ఘొల్లుమంది. సోడాలకు వెళ్ళినవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. గురకాయన లేచి ఏమైందేమైందని పక్కవాణ్ణి కుదిపేశాడు. సూరాంబ గట్టు అంచుకు వచ్చేసింది. అప్పుడు పైనుంచి గుడ్డముద్ద గంగులు వెనక పడింది. ఇక గంగులు వెనక్కి జరగలేడు, సూరాంబ నమస్కారం తప్పించుకోలేడు. "ఎగర్రా వీర్రాజూ!" అని ఆటోస్టాండు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. గంగులు కుక్కరు మీంచి ఎగిరి అవతల పడ్డాడు. సూరాంబా ఎగిరింది. అతను లేచేలోగా చేతులు జోడించి, ఒకదాని వెంట ఒకటి నమస్కారాలు పెట్టుకుంటూ, గంగుల్ని గట్టు మీంచి ఎంతో గౌరవంగా కిందికి సాగనంపింది.

నంబియార్ గోడను వదిలి జనంలోకి వచ్చేశాడు. నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి జారిపోతున్న ఒక పెద్దావిడను పట్టుకొని ఆయనా నవ్వుతున్నాడు.

"ఆపండి!" త్రిలోచనరావు లేచాడు. "ఈ నమస్కారం ఆయుధమా కాదా అన్నది తేలేవరకు పోటీ నిలిపివేయడమైనది!"

భానుమూర్తి ఆయన చెవి దగ్గర వంగాడు. "ఆయుధమని తేలిస్తే సార్, అభ్యర్థులందరి చేతులూ డిపాజిట్ చేయించుకోవాలి. మా స్టేషన్లో చోటు లేదు."

విజేతను ప్రకటించే మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ మాట మండపమంతా స్పష్టంగా వినిపించింది. అభ్యర్థులందరూ ఒక్కసారిగా లేచారు. అందరికన్నా ముందు ధర్మారావు వేదిక ఎక్కాడు.

"అయ్యా, మైకులు తీసేశారు, జెండాలు తీసేశారు, ఊరుకున్నాం. ఇంటింటికీ తిరిగి నమస్కారం కూడా పెట్టుకోనివ్వకపోతే మేం ఓటెలా అడగాలండీ!" అంటూ రెండు చేతులూ జోడించి వంగాడు.

త్రిలోచనరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యో, అలా కాదండి" అని తనూ చేతులు జోడించాడు. ఇంకో అభ్యర్థి పక్కనుంచి వచ్చి వంగాడు. ఆయనకూ ప్రతి నమస్కారం, ఇంకో అడుగు. తక్కినవాళ్ళు కూడా చుట్టూ చేరి వంగారు. ఎవరూ ఆయన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే ఆయన అందరికీ నమస్కరించుకుంటూ వెనక్కి, వెనక్కి వెళ్ళి, వేదిక అంచు దాటి పూలకుండీల్లో పడ్డాడు.

  హెలెన్ చేతిలోని కంట్రోలర్ కింద పెట్టేసి పరిగెత్తి, ఆయన మడమ పట్టుకొని చూసింది. "విరగలేదండి, బెణికింది. కదపకండి." దగ్గర్లో ఉన్న కండువా అడిగి తీసుకొని గట్టిగా కట్టు కట్టింది. కట్టడం అయ్యాక, "సార్, మరి ఫైనల్ ఆడొచ్చా?" అని అడిగింది.

నొప్పితో ఆయన చెయ్యి ఊపాడు. అది ఔనో కాదో ఎవరికీ తెలియలేదు. జనం ఔననే అనుకున్నారు.

ఫైనల్ కూడా హెలెనే గెలిచింది. నంబియార్ సువర్చలను, రఫీని పక్కకు పిలిచాడు. "నేను తీసుకుంటాను. ఇలాగే కావాలి. రోకళ్ళు, బాంబులు వద్దు. అలాంటి ఆటలు మా దగ్గర గుట్టలు పడున్నాయి. వినయంతో తోసేసుకునే ఆట నేను ఎక్కడా చూడలేదు."

రఫీ మొహం వాడిపోయింది. సువర్చలకూ మనసు చివుక్కుమంది. నాలుగేళ్ళు ప్రేమగా మలచుకున్న తన్నులకు ఈ ఊళ్ళో ఎవరూ ఇంతలా నవ్వలేదు, భయపడి గీసిన నమస్కారానికి నవ్వారు. కాని ఆ నవ్వు ఆమె చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. అబద్ధమాడలేని మనిషి గనక అది తనకు బాగుందని ఒప్పుకుంది.

"సూరాంబ ఎగిరి తన్నడం ఉండాలండి" అంది. "బాగా ఆడినవాళ్ళకు చివర్లో బహుమానంగానైనా సరే. ఆ కుచ్చెళ్ళు జనం చూడాలి."

నంబియార్ రఫీవైపు చూసి, "చూద్దాం. ముందు చూపించు" అన్నాడు. రఫీ అప్పటికే లాప్‌టాప్ తెరిచాడు.

సాయంత్రం ఎస్సై భానుమూర్తి జరిగినది నివేదికగా రాసి, సాక్షి సంతకం కోసం సువర్చలను ఆసుపత్రికి రమ్మన్నాడు. త్రిలోచనరావు మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకొని ఉన్నాడు. భానుమూర్తి నిలబడి చదివాడు. "'సంఘటనా స్థలమున ఎట్టి ఆయుధములు లేవు. ఎవరును ఎవరిపైనను చేయి చేసుకొనలేదు. చేతులు జోడించియే యున్నవి. అందరును నమస్కరించుచుండగా, తాసిల్దారు వారు ప్రతి నమస్కారములు చేయుచు మర్యాదగా పడిపోయిరి.' సరిపోయిందా మేడమ్?"

"అక్షరం పొల్లుపోలేదండి" అని సువర్చల సంతకం పెట్టింది.

త్రిలోచనరావు చెయ్యి చాచి ఆ కాగితం తీసుకున్నాడు. ఒకసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకొని రెండోసారి చదివాడు. తర్వాత కలం అడిగి తీసుకొని, 'పడిపోయిరి' అన్న మాట కొట్టేసి, దాని మీద 'వేదిక దిగిరి' అని దిద్ది, కింద తేదీ వేసి సంతకం పెట్టాడు.